పడమటి గోడ మాట

హైదరాబాదులోని ట్రూప్ బజారు దుకాణముల ముందు ఏ పూట నిలిచి చూచినను, చేతిలో కొలతల కాగితము, ప్రక్కన తాపీమేస్త్రీ, జేబులో సెల్‌ఫోను గల గృహస్థు లొకరిద్దరు కనబడకపోరు. కుళాయిల బేరము తెగిన పిదప, స్నానపుగది టైలును వెలుతురులోనికి తెచ్చి త్రిప్పి త్రిప్పి చూచిన పిదప, ఆ గృహస్థుడు ఫోను తీసి దుకాణదారునకు ఒక బొమ్మ చూపును. అది అతడు కట్టబోవు ఇంటి ఎలివేషను. రోమను దేవాలయమునకు వలె ముందు నాలుగు స్తంభములు, వాని నడుమ మూడంతస్తుల ఎత్తు నల్లని అద్దము, ఒక ప్రక్క చెక్కను పోలిన రేకుల తాపడము, ముంగిట రెండు ఖర్జూరపు చెట్లు. ఆ బొమ్మలో ఎల్లప్పుడును వేకువయో సంధ్యయో. కరెంటు తీగలుండవు, ట్రాన్స్‌ఫార్మరుండదు, ప్రక్కయిల్లుండదు. మన నగరమున మే మాసములో మధ్యాహ్నము మూడు గంటలకు పడమటి గోడ మీద పడెడి ఎండ ఆ బొమ్మలో ఏ మూల వెదకినను దొరకదు. ఐనను ఆ గృహస్థుడు తన కష్టార్జితమును, రాబోవు ఇరువదేండ్ల జీతమును నమ్మి తెచ్చిన బ్యాంకు అప్పును, ఆ బొమ్మకు అప్పగించుటకు సిద్ధముగా నున్నాడు.

సొంతయింటికి ఏ శైలి యుక్తమను ప్రశ్న ఈనాడు మధ్యతరగతి వారి సంభాషణలలో తరచుగా వినబడుచున్నది. విల్లా తీరా, మండువా తీరా, చెట్టినాడు తీరా, ఏ నగిషీయు లేని మోడర్ను తీరా అని వారు తర్కించుకొందురు. ఈ తర్కమునకు వలయు సాక్ష్యము ఆ గృహస్థుడు టైలు కొన్న దుకాణమునుండి నడచిపోగల దూరములోనే, రెండు శతాబ్దములుగా ఎండకు ఎండి వానకు తడిసి, నిలిచియున్నదని నా మనవి. కోఠి, ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములలో పేరొందిన గృహశైలులలో మిక్కిలిభాగము ఈ నేలలో పుట్టినవి కావు; వలస వచ్చినవే. వచ్చిన వానిలో కొన్ని ఈ ఊరివైనవి, కొన్ని కాలేదు. ఆ భేదము ఎక్కడ కలిగెనో విచారించుట అవసరము. ఏలయనగా, నేడు మన యెదుటనున్న ప్రశ్న స్వదేశీ శైలియా విదేశీ శైలియా అన్నది కానే కాదు.

మొదట కోఠి రెసిడెన్సీని చూతము. 1798 నుండి 1805 వరకు నిజాము కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉండిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మూసీనది ఉత్తరపుటొడ్డున కట్టించిన భవనమిది. రూపకల్పన మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్‌ది. వ్యయము నిజాము ఖజానాది. కట్టించినవానికి ఆ యింట నిలుకడగా కాపురము చేయు యోగము కలుగలేదు. 1805లోనే అతడు కలకత్తాలో కన్నుమూసెను. స్థలమును కోరుచు అతడు పెద్ద కాగితముపై పటము గీయించి చూపగా నిజాము ఆలీఖాను నిరాకరించెననియు, తన రాజ్యపటమంత కాగితమును చూచి రాజ్యమునే అడుగుచున్నాడని ప్రభువు జంకెననియు, అదే పటమును చిన్న చీటీపై గీయించి చూపినంతనే సమ్మతించెననియు ఒక కథ ప్రచారములో కలదు. కథ నిజమో కాదో గాని, కాగితము మీది బొమ్మను చూచి ఇంటిని గూర్చి నిర్ణయించుట ఈ ఊరిలో ఫోనులతో పుట్టిన అలవాటు కాదని మాత్రము దానివలన తేలుచున్నది.

ఆ భవనపు ముఖమంటపము, ఆకాశమునకు లేచిన కొరింథియన్ స్తంభములు, వానిపై త్రికోణాకారపు నొసలు, ఆ నొసట కంపెనీవారి రాజచిహ్నము, మెట్లకు ఇరుప్రక్కల సింహములు – ఇవన్నియు ఎక్కడివి? పదునారవ శతాబ్దమున ఇటలీలోని విచెంజా ప్రాంతమున భవనములు కట్టిన ఆండ్రియా పల్లాడియో అను స్థపతి రోమను దేవాలయముల ముఖమంటపమును తీసికొని సంపన్నుల పల్లెటింటి ముంగిట నిలిపెను. ప్రాచీన రోమనుల ఇండ్లకును ఇట్టి ముఖములే యుండెనని ఆయన ఊహ; ఆ ఊహ సరికాదని తరువాతి పండితులు తేల్చిరి. కాని అప్పటికే 1570లో ఆయన ప్రకటించిన వాస్తుగ్రంథము యూరపు అంతటను ప్రాకిపోయెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు ప్రభువులు దానిని నెత్తిన పెట్టుకొనిరి. వారినుండి కంపెనీ ఇంజనీర్లు కలకత్తాకును మద్రాసుకును తెచ్చిరి. అచ్చటినుండి అది కోఠికి చేరెను. అనగా కోఠి స్తంభములు ఒక మహాశిల్పి చేసిన పొరపాటునకు మూడవ తరపు నకలు. మణికొండలోనో బోడుప్పలులోనో నేడు లేచుచున్న స్తంభములు నాలుగవ తరపువి.

మూడవ తరము నకలు అందమైనది, నాలుగవది ఏల కాలేదు? నా సమాధానము ఇది. ముఖము ఇటలీనుండి వచ్చినను, ఆ గోడను కట్టిన చేతులు దక్కను చేతులు. ఆ చేతులకు అలవాటైన పదార్థము సున్నము. సున్నపురాతిని కాల్చి, నీటితో విరియించి, నానబెట్టి, ఎద్దులు త్రిప్పెడి గానుగలో ఇసుకతో కలిపి నలిపి, బెల్లపు నీటిని కరక్కాయ కషాయమును చేర్చి, ఇటుక గోడకు పొరమీద పొరగా పట్టించి, ఒక పొర ఆరనిదే మరియొక పొర వేయక, కడపటి మెత్తని పూతను నున్నని గులకరాతితో ఓపికతో రుద్దిన పిదప, ఆ గోడకు పాలరాతి మెరుపు వచ్చెడిది. డంగుసున్నమని మన పెద్దలు చెప్పెడిది ఈ జాతిదే. సున్నపు గోడ తేమను పీల్చుకొని మరల విడుచును. వెడల్పుగా కట్టినచో పగటి వేడిని లోపలికి ఆలస్యముగా పంపును. ఎత్తైన పైకప్పు, లోతైన వసారా, నదివైపు తెరచిన కిటికీలు వీనికి తోడైనవి. రస్సెల్ గీసిన గీతకు ఈ ఊరి ఎండయు, ఈ ఊరి మేస్త్రీయు చేసిన సవరణయే ఆ భవనమును మనదిగా చేసినది.

నాలుగవ తరము స్తంభమును చేయి చాచి ముట్టి చూడుడు. బరువు మోయుచున్న కాంక్రీటు పిల్లరు లోపల వేరుగా నుండును. పైన కనబడునది అచ్చుపోసిన గొట్టము, రెండు అర్ధభాగములుగా తెచ్చి అతికించినది. వ్రేలి కణుపుతో తట్టినచో డొల్ల చప్పుడు వినబడును. పై చిగుళ్ళ చెక్కడమునకును గోడకును నడుమ నున్న జానెడు సందులో మొదటి వర్షాకాలము ముగియకమునుపే పావురములు కాపురము పెట్టును. మొజంజాహి మార్కెటు గోపురములలో అవి చేయు సందడి ఎరిగినవారికి ఆ పిమ్మట గోడ ఏ రంగునకు తిరుగునో చెప్పనక్కరలేదు. పెండ్లికని అద్దెకు తెచ్చిన కోటువలె ఆ ముఖము ఇంటికి ఎక్కడను పట్టదు. భుజము దగ్గర బిగువు, నడుము దగ్గర వదులు.

రెసిడెన్సీ ఆవరణములో ఇంకొక ఇల్లుండెను. గృహశైలిని గూర్చి ఆలోచించువారికి నా దృష్టిలో అదియే ఎక్కువ ముఖ్యము. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీన వంశజురాలైన ఖైరున్నీసాను వివాహమాడెను. ఆమె ఘోషా స్త్రీ. ఆమె కొరకు అతడు పల్లాడియో స్తంభములను నిలుపలేదు. ఈ దేశపు పద్ధతిలో, నడుమ ముంగిలియు జలయంత్రమును గల రంగమహలును కట్టించెను. పెద్ద భవనపు ముఖమును ఆమె వెలుపలికి వచ్చి చూచుటకు వీలులేనందున, దాని నమూనానే చిన్నదిగా తోటలో కట్టించెనని చెప్పుదురు. కచేరీకి ఒక శైలి, కాపురమునకు ఒక శైలి. అతడు దొరయైనందున రెండును కట్టగలిగెను. రంగమహలును తరువాతి కాలపు రెసిడెంట్లు కూల్పించిరి. దాని ద్వారమును శిథిలములును తప్ప మిగులలేదు. రెండువందల గజాల జాగా గల మన గృహస్థుడు కచేరీ ఇంటిని, కాపురపు ఇంటిని ఒకే గోడకు ఇటును అటును ఇమిడ్చుకొనవలసినవాడు. వీధివైపు గోడకు పెట్టిన ప్రతి రూపాయియు లోపలి గదినుండి తీసినదేయని అతడు ముందుగా తెలిసికొనుట మేలు.

ఇంటి ముఖము వీధికి ఏమి చెప్పునో వీధి దానిని అట్లే మెచ్చుకొనునన్న నమ్మకమును లేదు. ఆ సింహములు, ఆ రాజచిహ్నము కంపెనీ ప్రతాపమును చాటుటకు పెట్టినవి. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున జనులు ఆ చాటింపును సరిగానే అర్థము చేసికొని రెసిడెన్సీపై దాడిచేసిరి. తరువాత ఆవరణకు గోడలను, బురుజులను పెంచవలసి వచ్చెను. ఇంకను తొంబది రెండేండ్లు గడచి 1949లో అది ఆడపిల్లల కళాశాలయైనది, నేడు మహిళా విశ్వవిద్యాలయమైనది. కట్టించినవాని ఉద్దేశము ఎప్పుడో చచ్చినది. వసారా మాత్రము ఇంకను పనికివచ్చుచున్నది.

వసారాల మాట వచ్చినది గనుక బంగళాను గూర్చి చెప్పవలెను. బంగాళా పల్లెల పూరింటినుండి ఆంగ్లేయులు నేర్చుకొని దేశమంతట పరచిన ఈ తీరు హైదరాబాదునకు వచ్చినప్పుడు ఎవరును దానిని పరాయిదనలేదు. ఆబిడ్సునుండి నాంపల్లి స్టేషనునకు పోవు దారిలోని గోల్డెన్ త్రెషోల్డ్ అట్టిది. నిజాం కళాశాలకు ఆద్యులైన అఘోరనాథ చట్టోపాధ్యాయుని కుటుంబము నివసించిన ఇల్లది. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో ప్రకటించిన కవితాసంపుటికిని అదే పేరు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలుత ఆ గదులలోనే ఊపిరి పోసికొన్నది. అంతకు ముందే, 1901లో, రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. చరిత్రకారులు వ్రాసినది ఆ యింట చేరిన పుస్తకములను గూర్చి, మనుష్యులను గూర్చి. గుమ్మపు చెక్కడములను గూర్చి కాదు. ఇంటికి వచ్చిన నలుగురు కూర్చుండుటకు ముందు చోటు ఉండుట, ఆ చోట నీడ ఉండుట – ఇంతకంటె శైలికి గొప్ప పరీక్ష నేనెరుగను. నేటి ఎలివేషను బొమ్మలలో వసారాకు బదులు కారు నిలుపు పోర్టికో ఉన్నది. కూర్చుండుటకు అరుగు లేదు.

నాకు మిక్కిలి ఇష్టమైన ఇండ్లు మాత్రము ఇవి కావు. బొగ్గులకుంట సందులలోను, ఆబిడ్సు వెనుక వీధులలోను, నారాయణగూడ, హిమాయత్‌నగర్ ప్రాంతములలోను, 1930లు మొదలుకొని 1950ల వరకు మధ్యతరగతివారు కట్టుకొన్న ఇండ్లు కొన్ని ఇంకను మిగిలియున్నవి. 1925లో పారిసులో జరిగిన అలంకారకళల ప్రదర్శనమునుండి పేరు పొందిన ఆర్ట్ డెకో అను శైలి బొంబాయి మీదుగా మనకు చేరినది. వీధిమూల నున్న ఇంటి బాల్కనీ మూలను చదరముగా విరువక గుండ్రముగా త్రిప్పుట, దానికి ఓడ పైతట్టునకు వలె మూడు వరుసల ఇనుప గొట్టముల కమ్మి, మెట్లగదికి నిలువునా సన్నని అద్దపు చీలిక, కిటికీ గ్రిల్లులో ఉదయించు సూర్యుడో అలలో, పిట్టగోడ మీద ఉబ్బెత్తు అక్షరములతో ఇంటి పేరును కట్టిన సంవత్సరమును, లోపల మొజాయిక్ నేల. సముద్రమునకు వందల మైళ్ళ దూరములో నున్న ఊరిలో ఓడ కమ్ములేమిటని నవ్వు రావచ్చును, నాకును వచ్చినది. కాని ఆ యింటి కిటికీలపై పోవు సిమెంటు సజ్జను చూడుడు. అది ఒక్కొక్క కిటికీకి విడివిడిగా కాక ఇంటి చుట్టును ఒకే పట్టీగా సాగును. మూల దగ్గర గోడతోపాటు తానును వంపు తిరుగును. శైలి దృష్టిలో అది వేగమును సూచించు అలంకారము. ఎండ దృష్టిలో అది గొడుగు. ఆ సజ్జ అడుగున, అంచునకు రెండంగుళముల ఇవతల, వ్రేలి మందపు గాడి ఒకటి ఈ కొసనుండి ఆ కొసకు తీసియుండును. వాననీరు సజ్జ క్రిందుగా ప్రాకి గోడను తడపక, ఆ గాడి దగ్గర చుక్కయై క్రింద పడుటకు మేస్త్రీ చేసిన ఏర్పాటది. డెబ్బదియెనుబదేండ్ల తరువాత కూడ ఆ గోడల మీద నల్లచారలు తక్కువగా నుండుటకు ఆ గాడియే కారణము. ఆ మేస్త్రీ పేరు ఎవరికిని తెలియదు. నేటి అద్దపు ముఖములలో సజ్జయే లేదు. ఇక గాడి మాట యెక్కడిది?

రాజులును ప్రభుత్వమును కట్టించిన వానిని ఇంటికి మాదిరిగా తీసికొనరాదు. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు నాంపల్లి మొదలగు ఇరుకు వాడలను సంస్కరించి సామాన్యులకు ఇండ్లు కట్టించెను. అదే కాలమున విన్సెంట్ ఎష్ చేతిలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి గోపురములు లేచినవి. 1935లో మొజంజాహి మార్కెటు నల్లరాతిలో నిలిచినది. ప్రభుత్వము న్యాయస్థానమునకు, వైద్యాలయమునకు, అంగడికి గోపురము పెట్టినది. చిన్నయింటికి కిటికీయు మురుగుకాలువయు పెట్టినది. ఆ వివేకము వారికుండెను. గృహమునకు గోపురపు గర్వము తగిలించిన ప్రభువు పాటు ఎట్లుండునో ఫలక్‌నుమా చెప్పును: 1884లో మొదలుపెట్టి పాయిగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ భవనము వ్యయభారమున చివరకు ఆరవ నిజాము వశమైనది. ఆయన కుమారుడు, ఒకనాడు ప్రపంచములోకెల్ల ధనికుడని పేరొందిన ఏడవ నిజాము, తాను నివసించుటకు క్రొత్త శైలి ఏదియు వెదకలేదు. కమాల్ ఖాను అను నతడు కట్టించుకొన్న ఇంటిలో చేరి, దాని తలుపులపై చెక్కియున్న రెండు 'కే' అక్షరములను చెరుపుట ఎందుకని, కింగ్ కోఠి అని పేరుపెట్టి సరిపుచ్చెనని చెప్పుదురు. 1967లో మరణించువరకు అచ్చటనే యుండెను. ఎలివేషనుకై ఇల్లమ్ముకొనువారు ఈ కథను ఒకసారి తలచుకొనవచ్చును.

ఇక రెండవ పక్షమువారున్నారు. రోమను స్తంభమును చూచి ముక్కు విరిచి, మనదైన శైలిలో కట్టుకొందమందురు. వారి అభిమానము గౌరవింపదగినదే. వారి ఇండ్లను చూచినప్పుడు మాత్రము నాకు సందేహము కలుగును. చెట్టినాడులోని కారైక్కుడి ఇండ్లు కూల్చినప్పుడు అమ్మివేసిన టేకు స్తంభములను లారీలో తెప్పించి, పై బరువు ఏమియు లేని చోట హాలు నడుమ నిలుపుదురు. మండువా పెట్టించి, వాన లోపలికి వచ్చునని దానిపై అద్దమో ప్లాస్టిక్ రేకో కప్పుదురు. ఎండ వచ్చును, గాలి పోదు, మధ్యాహ్నమునకు ఇల్లు పొయ్యియగును. గోదావరి తీరపు మండువా లోగిలి గాని, తెలంగాణ పల్లెలలోని భవంతి గాని, ధాన్యము నిలువచేసికొను ఉమ్మడి కుటుంబమునకు, నాలుగు ప్రక్కలు ఖాళీగల జాగాకు, వాన చినుకు లోపలపడుటను పండుగగా ఎంచు మనుష్యులకు పుట్టినది. అందలి సూత్రము – నడుమనుండి వేడిగాలి పైకి పోవుట, చుట్టు గదులు ఒకదానికొకటి నీడనిచ్చుట – నేడును సత్యమే. ఆ సూత్రమును తీసికొన్నచో, ఇరుకు జాగాలో మెట్లగదికి పైన గాలి పోవు కిటికీలు పెట్టినను చాలును. మండువా ముఖకవళిక తీసికొన్నచో రోమను స్తంభమునకు పట్టిన గతియే దానికిని పట్టును. చెక్కిన టేకు అచ్చుపోసిన సిమెంటుకంటె మంచి పదార్థమనుట నిజము. కాని పనిలేని స్తంభము ఏ దేశపుదైనను పనిలేనిదే.

ఈనాటి మన గృహనిర్మాణమునకు ప్రమాణము పల్లాడియో కాదు, మండువా కాదు. అయిదంగుళముల కాంక్రీటు స్లాబు. ఎవరెంత తర్కించినను పైకప్పు అదియే. పగలెల్ల ఎండను త్రాగి, రాత్రి పదిగంటలకు అది ఆ వేడిని గదిలోనికి విడుచుట ప్రారంభించును. వేసవిలో మేడమీది గదిలో పండుకొన్న ప్రతివాడును దీనిని వంటిమీద ఎరుగును. పాత ఇండ్లలోని ఇనుప దూలముల నడుమ ఇటుక కమాను తిప్పి పైన సున్నము దంచిన కప్పు ఇంత క్రూరముగా ప్రవర్తించెడిది కాదు. గోడలును సన్నబడినవి, తొమ్మిదంగుళముల గోడకు బదులు నాలుగున్నర అంగుళముల గోడ లోపలకే కాక వెలుపలకును వచ్చినది. ఇట్టి కప్పుక్రింద, ఇట్టి గోడకు, పడమటివైపు నల్లని అద్దమును తాపి, దానివెనుక రెండు ఏసీలు పెట్టుట శైలి కాదు, నెలనెల కరెంటు బిల్లు రూపమున చెల్లించు జరిమానా. 2023లో తెలంగాణ ప్రభుత్వము కూల్ రూఫ్ విధానమును ప్రకటించినది: కప్పుమీద ఎండను తిప్పికొట్టు తెల్లని పూతయో పలకలో వేయించుమని దాని సారాంశము. ప్రభుత్వము కప్పుకు తెలుపు వేయుమనుచుండగా, గృహస్థుడు గోడకు నలుపు వేయించుచున్నాడు.

చిన్న ఇండ్లవారి స్థితి ఇంకను విచిత్రము. 2020లో వచ్చిన పద్ధతి ప్రకారము 75 చదరపు గజములలోపు జాగాలో ఒక అంతస్తు వరకు కట్టుకొనువారికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయితో నమోదు చేసికొన్న చాలును. పేదవానికి కార్యాలయముల చుట్టు తిరుగు బాధ తప్పినది, సంతోషమే. కాని ఆ యింటి నకసాను చదువుకొన్న చేయి ఏదియు తాకదు. వాస్తు చెప్పువాడు గదులను పంచును, ఎలివేషను చేయువాడు ముఖమును పంచును, మిగిలినదెల్ల మేస్త్రీ నెత్తిన పడును. వాస్తువును నేను తూలనాడబోను. తూర్పును, ఈశాన్యమును తెరచి యుంచుమనుటలో ఎండను, గాలిని ఎరిగిన అనుభవము కొంత ఉన్నదని నా నమ్మకము. ఐతే వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయమును, గోడలకు రాళ్ళకు పూయదగిన వజ్రలేపమునకు వేరొక అధ్యాయమును కేటాయించెను. మనవారు మొదటిదానిని వల్లెవేయుచున్నారు. రెండవది అట్టి గ్రంథములో ఉన్నదని కూడ వినలేదు. గుమ్మము అంగుళము జరిగినందుకు గోడ పడగొట్టించిన వారున్నారు. సిమెంటు పూతకు ఏడు దినములు నీరు పట్టించలేదని మేస్త్రీతో తగవులాడినవారు తక్కువ.

ఇంటి ముఖము అందముగా నుండవలెనని కోరుట తప్పా అని అడుగవచ్చును. కానే కాదు. అద్దె ఇండ్లలో యజమాని గోడకు మేకు కొట్టనీయక సాధించిన దినములను భరించిన మనిషి తన ఇంటిని వీధిలో నిలిచి ఒకసారి తృప్తిగా చూచుకొనవలెనని కోరుకొనుట న్యాయమైన కోరిక. ఆ కోరికను పరిహసించు ఆర్కిటెక్టులన్నచో నాకు మంట. వట్టి కాంక్రీటును పూతలేక వదలి అదియే నిజాయితీయని బోధించువారి ఇండ్లకు వానాకాలము తరువాత పోయి చూడుడు. గోడలకు పాచి పట్టియుండును. నేను చెప్పుచున్నది వరుస మాత్రమే. రెసిడెన్సీ గాని, బంగళా గాని, గుండ్రని బాల్కనీ ఇల్లు గాని మనకు దగ్గరైనది అవి అరువు తెచ్చిన ముఖమువలన కాదు. ఆ ముఖము ఈ ఊరి ఎండతోను, సున్నముతోను, ఇంటివారి కూర్చునే అలవాటుతోను రాజీపడినందువలన. ఆ రాజీ జరిగినచో ఏ దేశపు శైలియైనను తెచ్చుకొనుడు. దానికి పనికిరాని శైలి మన తాతలదైనను వలదు.

కావున ఎలివేషను గీయువానిని మొదట అడుగవలసినది ముందు గోడ బొమ్మ కాదు. పడమటి గోడ బొమ్మ. ఇంటికి నాలుగు వైపులుండగా ఒక్క వైపే గీసి డబ్బు పుచ్చుకొనుట ఏమి న్యాయము? పడమటివైపు మెట్లగదిని, స్నానపుగదిని, సామానుగదిని పెట్టినచో అవి ఎండను తమమీదికి తీసికొని పడకగదిని కాపాడును. మెట్లు పడమటనో దక్షిణముననో ఉండుటకు వాస్తువారును సాధారణముగా అడ్డు చెప్పరు గనుక ఇంటిలో పెద్దలతో పేచీయు రాదు. దక్షిణపు కిటికీకి అడుగున్నర సజ్జ చాలవచ్చును; పడమటి కిటికీకి సజ్జ ఎంత పెట్టినను సాయంకాలపు ఎండ దాని క్రిందుగా దూరును, కావున అచ్చట జాలీయో చెట్టో కావలెను. ఇవన్నియు కుదిరిన పిదప వీధివైపున ఎంత గోడ, ఎంత డబ్బు మిగులునో చూచుకొని, దానిమీద బొంబాయి వంపో, రోమను స్తంభమో, షాబాదు బండల తాపడమో వేసికొనవచ్చును. అప్పుడు ముఖము తక్కువ ఖర్చుతోనే కుదురుట నేను చాలచోట్ల గమనించితిని. గీతలను సజ్జయు, మెట్లును, జాలీయు ముందే గీసియుండుటవలన చిత్రకారునకు పని తగ్గును.

మెట్ల విషయములో ఇంకొక్క మాట. హైదరాబాదులో సొంతయిల్లు కట్టువారిలో అనేకులు నిజమునకు రెండిండ్లు కట్టుచున్నారు: ఒకటి తమకు, ఒకటి పై పోర్షనులో అద్దెకు దిగువారికి. బ్యాంకు వాయిదాలో కొంత ఆ అద్దెతోనే తీరవలెను. ఎలివేషను బొమ్మలు ఈ రెండవ ఇంటిని దాచివేయును. పైకి పోవు మెట్లు బొమ్మలో కనబడవు, కట్టువేళ ముందుగోడ నడుమ మొలచును, నాలుగు స్తంభములలో ఒకదానిని మ్రింగును. అద్దెకు వచ్చువారు ఏమి అడుగుదురో ఆ బొమ్మ గీయించుటకు ముందే ఒకసారి విచారించుట మంచిది. మంజీరా నీళ్ళు ఎన్ని దినములకు వచ్చును, మెట్లు వేరా కలిసియున్నవా, ఎండాకాలము పై గది కాగునా అని అడుగుదురు. కాగుననినచో అద్దె తగ్గించుమందురు. ఎలివేషను బాగున్నదని నెలకు ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చిన అద్దెదారుని గూర్చి నేనింతవరకు వినలేదు.